రోమన్, గ్రీకు సమాధుల పాత ముద్రాచిత్రాలు: గుర్తుపట్టడం, చదవడం, దాచుకోవడం ఎలా

రోమ్ నగరానికి ఆగ్నేయాన మోంటే డెల్ గ్రానో అనే గుట్ట ఉంది. ‘గోధుమల గుట్ట’ అని దాని అర్థం. పైకి మట్టిదిబ్బలా కనిపిస్తుంది, లోపల మాత్రం రోమన్ల కాలపు గుండ్రటి సమాధి. 1582లో అందులోని గదిలో ఒక పెద్ద పాలరాతి శవపేటిక బయటపడింది. మూత మీద పాన్పుపై వాలిన స్త్రీ, పురుషుడు. చుట్టూ గ్రీకు వీరుడు అకిలీజ్ కథ. ఇప్పుడది కాపిటోలిన్ మ్యూజియంలో ఉంది. 1697లో పియెత్రో శాంతి బార్తోలి అనే చిత్రకారుడు దాని బొమ్మను రాగిరేకు మీదికి ఎక్కించి, కాగితం మీద అచ్చు వేశాడు. 1756లో జొవాన్ని బత్తిస్తా పిరనేసి అనే మరో చిత్రకారుడు మళ్లీ ఎక్కించాడు.

ఆ ఇద్దరి చిత్రాలనూ పక్కపక్కన పెట్టి, మ్యూజియం ఫోటో కూడా తెరిచి చూస్తే ఒకే రాయి మూడు రకాలుగా కనిపిస్తుంది. బార్తోలికి కథ కావాలి. అందుకే బొమ్మల వరుసను పొడవాటి పట్టీలా విప్పి, శుభ్రమైన గీతలతో చూపిస్తాడు. పిరనేసికి కట్టడం కావాలి. గుట్టను నిలువునా కోసి, గోడ ఎంత మందమో, గది ఎంత లోతో, పేటిక ఎంత బరువో చూపిస్తాడు. అలా పోల్చి చూసినప్పటినుంచి ఈ కాగితాల్ని నేను సాక్షుల వాంగ్మూలాల్లా చదువుతున్నాను. సాక్షి కళ్లారా ఏం చూశాడు, ఏది ఊహించి చెప్పాడు, ఏది పక్కవాడి దగ్గర విని చెప్పాడు అన్నవి విడదీయడమే ఇక్కడ పని. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: ఏ పుస్తకం నుంచి వచ్చిన పేజీ?

బజారులో విడిగా దొరికే సమాధి చిత్రాల్లో చాలావరకు ఒకప్పుడు పుస్తకంలోని పేజీలే. కుట్టు విప్పి, ఒక్కో కాగితంగా అమ్మేశారు. కాబట్టి ముందు తల్లి పుస్తకాన్ని వెతకాలి. ఓ పది పుస్తకాలు తెలిస్తే సగం పని అయినట్టే.

బార్తోలితో మొదలుపెట్టండి. 1674లో రోమ్ ఉత్తరాన ఫ్లమీనియా దారి పక్కన రంగుల చిత్రాలతో నిండిన ఒక సమాధి దొరికింది. అక్కడి శాసనంలో నాసో వంశం పేరు ఉండటంతో, అది మహాకవి ఓవిడ్ కుటుంబానిదే అని నమ్మారు (ఓవిడ్ ఇంటిపేరూ నాసోనే). ఆ చిత్రాలతో బార్తోలి 1680లో ఒక పుస్తకం వేశాడు. తర్వాత గోడల మీది రంగులు చాలావరకు పోయాయి. కొన్ని ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ గదిని మొత్తంగా ఊహించుకోవాలంటే ఇవాళ బార్తోలి రేకుల దగ్గరికే వెళ్లాలి. 1691లో సమాధుల్లో దొరికిన మట్టి దీపాల మీద, 1697లో రోమన్, ఎట్రుస్కన్ (రోమన్లకు ముందే ఇటలీలో వెలిగిన జాతి) సమాధుల మీద ఆయన పుస్తకాలు వచ్చాయి. ఈ రంగంలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు ఈయనే. పిరనేసి పేరు ముందు ఈయన పేరు చిన్నబోతుంది గానీ, సమాధుల్లో దొరికిన చిన్నాచితకా వస్తువుల్ని ఇంత ఓపికగా నమోదు చేసినవాళ్లు ఆ కాలంలో అరుదు.

1726లో అప్పియా దారి పక్కన, అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంటి పనివాళ్ల ఉమ్మడి సమాధి బయటపడింది. ఇలాంటివాటిని కొలంబేరియం అంటారు, అంటే పావురాళ్ల గూడు. గోడ నిండా గూళ్లు, ఒక్కో గూట్లో చితాభస్మం కుండలు, కింద పేరు పలక. జడలు వేసే దాసి, బట్టలు చూసుకునే మనిషి, వైద్యుడు, మంత్రసాని, ఇలా ఎవరు ఏ పని చేసేవారో పలకల మీద ఉంటుంది. మరుసటి ఏడే, అంటే 1727లోనే, ఫ్రాన్సిస్కో బియాంకీని, ఆంతోన్ ఫ్రాన్సిస్కో గోరి చెరొక పుస్తకంగా దీన్ని ప్రచురించారు. తర్వాతి కాలంలో కట్టడం చాలావరకు పాడైపోయింది. శాసనాలు ఎన్నో మ్యూజియానికి చేరాయి. ఏ పలక ఏ గూటి కింద ఉండేదో ఆనవాలు పట్టాలంటే ఆ రేకులే దిక్కు.

అమరావతి తెలిసినవాళ్లకు ఈ బాధ కొత్తగా అనిపించదు. స్తూపం పలకలు కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. 1816 తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు గీసిన బొమ్మల్లో మాత్రమే బతికి ఉన్న పలకలు ఉన్నాయి. రోమ్ పాలరాయి కూడా శతాబ్దాల పాటు సున్నం కోసమే కాలింది.

ఇక అందరికన్నా ఎక్కువగా దొరికేవి బెర్నార్ ద మోంఫొకోఁ పేజీలు. ఈ ఫ్రెంచి సన్యాసి 1719లో ప్రాచీన ప్రపంచం మొత్తాన్ని బొమ్మల్లో పెట్టే భారీ సంకలనం వేశాడు. అయిదో సంపుటం అంత్యక్రియలు, దీపాలు, శిక్షల గురించి. ఒక్క పేజీలో నాలుగైదు వస్తువులు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో బొమ్మ పక్కన అది ఎక్కడి నుంచి తీసుకున్నారో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాల్ని వదలొద్దు. మోంఫొకోఁ చాలా బొమ్మల్ని తన కళ్లతో చూసి గీయించలేదు, పాత పుస్తకాల నుంచి ఎత్తి రాయించాడు. అంటే మీరు చూస్తున్నది నకలుకు నకలు. పక్కన బొయ్‌సార్ అని ఉంటే, 1597లో మొదలైన ఆ రచయిత పుస్తకంలోని బొమ్మ అది. అందులోని తప్పు ఇందులోకీ దిగి ఉంటుంది.

పిరనేసి ‘రోమన్ పురాతన కట్టడాలు’ 1756లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. రెండు, మూడు సంపుటాలు పూర్తిగా సమాధులకే. పెద్ద కాగితం, మధ్యలో నిలువు మడత. ఆ మడతను చూసి పాడైందనుకోకండి, పుస్తకంలో కుట్టేటప్పుడు పడ్డదే అది.

గ్రీకు సమాధుల చిత్రాలు ఆ కాలంలో తక్కువ. గ్రీసు ఒట్టోమన్ పాలనలో ఉండేది, యూరప్ చిత్రకారులు అక్కడిదాకా వెళ్లడం అరుదు. ఇంగ్లండుకు చేరిన గ్రీకు రాళ్ల బొమ్మలు కొన్ని 1763లో రిచర్డ్ చాండ్లర్ వేసిన ఆక్స్‌ఫర్డ్ శిలల పుస్తకంలో ఉన్నాయి. దక్షిణ ఇటలీ సమాధుల్లో దొరికిన గ్రీకు కుండలను నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారి విలియం హామిల్టన్ సేకరించాడు. 1790లలో జర్మన్ చిత్రకారుడు టిష్‌బైన్ వాటిని నీడలు లేకుండా వట్టి గీతలతో ముద్రించాడు. ఒట్టో మాగ్నస్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ ‘హెలీనుల (గ్రీకుల) సమాధులు’ బెర్లిన్‌లో 1837లో వెలువడింది. గ్రీకు వైపు ఆసక్తి ఉంటే ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

రెండో అడుగు: కాగితాన్ని పట్టుకుని చూడండి

కావలసినవి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక టార్చి, శుభ్రమైన పొడి చేతులు. అంతే.

టార్చిని కాగితానికి ఒక పక్కన, బల్ల మీద పడుకోబెట్టినట్టు పెట్టండి. బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా ఒక నొక్కుడు గుర్తు కనిపించాలి. తడి కాగితాన్ని రాగిరేకు మీద పరిచి, గట్టి బరువు రోలర్ల మధ్య నడిపినప్పుడు రేకు అంచు పడిన చోటు అది. అంచులు కత్తిరించేస్తే ఈ గుర్తు పోతుంది. గుర్తు లేనంత మాత్రాన నకిలీ అని వెంటనే అనేయకండి, కానీ విలువ మాత్రం తగ్గుతుంది. గీతను భూతద్దంలో చూస్తే సిరా కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటుంది. వేలితో తడమాలని ఎంత అనిపించినా తడమొద్దు, చర్మం నూనె అంటుకుంటుంది.

ఉలితో నేరుగా చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సూదిమొనలా ముగుస్తుంది. రేకుకు పూసిన మైనంలో గీసి, బయటపడ్డ రాగిని ఆమ్లంతో తినిపించిన గీతకు చివర మొద్దుగా ఉంటుంది, చెయ్యి స్వేచ్ఛగా కదిలినట్టు వంకరలు ఉంటాయి. పిరనేసి ప్రధానంగా ఆమ్లం పద్ధతి వాడేవాడు. లేత గీతల్ని కప్పేసి, ముదురు కావలసినచోట రేకును మళ్లీ మళ్లీ ఆమ్లంలో ముంచేవాడు. సమాధి గదిలోని ఆ చిక్కటి చీకటి అలా వచ్చిందే.

గీత ఎక్కడా లేకుండా క్రమంగా పేర్చిన చుక్కలు కనిపిస్తే అది ఫోటో పద్ధతిలో వేసిన ఆధునిక అచ్చు. ‘పద్దెనిమిదో శతాబ్దపు పిరనేసి’ అంటూ ఆన్‌లైన్లో నాకు అమ్మిన మొదటి కాగితం ఇలాంటిదే. అమ్మినాయన పంపిన ఫోటోలో చుక్కలు కనబడవు కదా. అప్పటినుంచి ఒకటే అడుగుతాను: ఒక మూలను బాగా దగ్గరి నుంచి, పక్క వెలుతురులో తీసి పంపమంటాను. పంపనంటే అక్కడితో ఆపేస్తాను.

తర్వాత కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టండి. సన్నటి గీతలు దగ్గరదగ్గరగా, వాటికి అడ్డంగా వేలెడు దూరంలో మందపాటి గీతలు కనిపిస్తే తీగల జల్లెడ మీద చేత్తో చేసిన పాత కాగితం అది. అలాంటి గీతల్లేని నున్నటి కాగితం 1750ల చివర్లో వచ్చింది, వ్యాపించడానికి ఇంకా కాలం పట్టింది. 1697 నాటి బార్తోలి అని చెప్పే పేజీ గీతల్లేని కాగితం మీద ఉంటే, రేకు పాతదే అయినా అచ్చు తర్వాతిది.

ఈ తేడా పిరనేసి విషయంలో మరీ ముఖ్యం. ఆయన 1778లో చనిపోయాడు గానీ రేకులు బతికే ఉన్నాయి. కొడుకులు వాటిని పారిస్‌కు తీసుకెళ్లి మళ్లీ అచ్చు వేశారు. 1830లలో ఫిర్మెఁ దిదో సంస్థ అక్కడే మరోసారి వేసింది. ఆ దశకం చివర్లో పోప్ కొని రోమ్‌కు తెప్పించాడు. ఇప్పటికీ అక్కడి ప్రభుత్వ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అచ్చు వేసినకొద్దీ రేకు అరుగుతుంది. మొదటి ప్రతుల్లో నల్లటి మఖమల్‌లా ఉన్న నీడ, చివరి ప్రతుల్లో బూడిదరంగుగా చదునైపోతుంది. పైన కుడి మూలలో అంకె అచ్చయి ఉంటే పారిస్ అచ్చుల్ని ముందు అనుమానించండి. మొదటి సంపుటం ముఖచిత్రం కథ కూడా తెలుసుకోవాలి: ఐర్లండ్ ప్రభువు లార్డ్ చార్ల్‌మాంట్‌కు అంకితమిచ్చిన పిరనేసి, ఆయన ఇస్తానన్న సాయం ఇవ్వలేదని అలిగి రేకు మీద పేరు చెరిపేశాడు. ఆ పేరు ఉన్న ప్రతి మొదటి విడతది.

మూడో అడుగు: అంచు కింది లాటిన్

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో పేర్లు ఉంటాయి. పేరు తర్వాత ‘డెలిన్’ అని ఉంటే బొమ్మ గీసినవాడు. ‘స్కల్ప్’ అంటే రేకు చెక్కినవాడు. ‘ఎక్స్‌కుడ్’ అంటే అచ్చు వేయించి అమ్మినవాడు. ‘ఫెకిట్’ అంటే మొత్తం తనే చేశాడని. గీసినవాడు, చెక్కినవాడు వేరువేరయితే సమాధి దగ్గరికి వెళ్లింది మొదటివాడే. రెండోవాడు పారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో కూర్చుని ఆ గీతల్ని నమ్మి పనిచేసి ఉండొచ్చు.

ఇంకొకటి. రేకు మీద కుడి చేతిలా చెక్కింది అచ్చులో ఎడమ చేతిగా వస్తుంది. జాగ్రత్తగల చెక్కుడువాళ్లు ముందే తిరగేసి చెక్కేవారు, కొందరు చెక్కేవారు కాదు. బొమ్మలో సైనికులందరూ ఎడమ చేత్తో కత్తి పట్టుకుంటే అనుమానించండి.

నాలుగో అడుగు: రాయి ఎప్పుడు దొరికింది?

నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చిన పరీక్ష ఇదే. నేల లోపల ఉన్నదాన్ని ఎవరూ చూసి గీయలేరు. కాబట్టి రాయి బయటపడిన ఏడాదే చిత్రానికి హద్దు.

రోమ్‌లో సీపియోలనే పేరున్న పెద్ద వంశం సమాధిని 1780లో తవ్వారు. ఒకటి అరా శాసనం అంతకుముందే బయటికొచ్చినా, సీపియో బార్బాటస్ పేటిక లోకానికి పూర్తిగా తెలిసింది అప్పుడే. పెద్ద పిరనేసి అంతకు రెండేళ్ల ముందే చనిపోయాడు. అందుకని ఆ పేటిక బొమ్మ మీద పిరనేసి అని ఉంటే, అది కొడుకు ఫ్రాన్సిస్కోది. ఆయన 1785లో దీని మీద పుస్తకం వేశాడు. రోమ్‌లో మాజ్జోరె ద్వారం దగ్గర రొట్టెల వ్యాపారి యూరిసాసెస్ సమాధి ఉంది, గుండ్రటి పెద్ద కన్నాలతో విచిత్రంగా ఉంటుంది. పాత కోట బురుజులో ఇరుక్కుపోయి, 1838లో ఆ బురుజు కూల్చాక బయటపడింది. దీన్ని ‘1700ల నాటి ముద్ర’ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఏథెన్సు పాత శ్మశానం కెరమైకోస్‌లో గుర్రం మీద శత్రువును పడగొడుతున్న డెక్సిలియోస్ ఫలకం 1863లో, నగల పెట్టెలోంచి నగ తీసుకుంటున్న హెగెసో ఫలకం 1870లో దొరికాయి. లెబనాన్‌లోని సిడోన్‌లో అలెగ్జాండర్ శవపేటికగా పేరుపడ్డది 1887లో ఒట్టోమన్ పురావస్తు అధికారి ఉస్మాన్ హమ్ది బే తవ్వకంలో బయటికొచ్చింది. ఇవన్నీ చెక్క అచ్చులూ, ఫోటో ఆధారిత అచ్చులూ రాజ్యమేలిన కాలం. వాటి బొమ్మలో పాత రాగిరేకు పని కోసం వెతకడం వృథా.

అయిదో అడుగు: బొమ్మ ఏం చెబుతోంది

గ్రీకు సమాధి ఫలకాన్ని మన వీరగల్లుతో పోల్చుకుంటే త్వరగా అర్థమవుతుంది. నిలువు రాయి, ఒకరిద్దరు మనుషులు, పైన పేరు. కానీ వీరగల్లులో పోరు కనిపిస్తుంది, గ్రీకు ఫలకంలో ఎక్కువసార్లు వీడ్కోలు కనిపిస్తుంది: కూర్చున్నవాళ్లు, నిలుచున్నవాళ్లు చేయి చేయి కలిపి ఉంటారు. కూర్చున్నవాళ్లే పోయినవాళ్లని చాలామంది చెబుతారు. అది ప్రతిసారీ నిజం కాదు, పైన చెక్కిన పేరు చూసి తేల్చుకోవాలి. పొడుగు మెడ, రెండు పిడులున్న కడవ ఒకటి తరచూ కనిపిస్తుంది. పెళ్లికి మంగళస్నానపు నీళ్లు తెచ్చే కడవ అది. సమాధి మీద దాన్ని పెట్టారంటే పోయినవాళ్లకు పెళ్లి కాలేదని. ఇది తెలిశాక ఆ కడవ ఉన్న బొమ్మల్ని మామూలుగా చూడలేకపోయాను.

రోమన్ పేటికల మీద పురాణ కథలు ఎక్కువ. నిద్రపోతున్న యువకుడి దగ్గరికి రథం దిగి వస్తున్న దేవత ఉంటే ఎండిమియోన్, చంద్రదేవత సెలీనీ. అడవి పంది వేట అయితే మెలియేజర్. రథంలోకి యువతిని ఎత్తుకుపోతుంటే పెర్సెఫోనీ. తలకిందులుగా పట్టుకున్న కాగడా ఆరిన ప్రాణం. సగం తెరిచిన తలుపు, ఎద్దు పుర్రెలకు కట్టిన పూల తోరణాలు, సముద్రపు కన్యలు తరచుగా వస్తాయి. అలల్లా వంపులు తిరిగిన గీతల వరుస కూడా కనబడుతుంది. కసరత్తు తర్వాత ఒంటి నూనె గీకే వంపు పనిముట్టు పేరే ఆ నమూనాకు పెట్టారు.

ఇక్కడ ఒకటి ముఖ్యంగా గమనించాలి. రోమన్ పేటికలు ముందుగానే చెక్కి సిద్ధంగా ఉంచేవారు. కొన్నవాళ్ల పోలికలు తర్వాత చెక్కాలని ముఖాన్ని ముద్దగా వదిలేసేవారు. కొన్ని అలాగే మిగిలిపోయాయి. రేకు చెక్కినవాడు ఆ ముద్దకు కళ్లూ ముక్కూ పెట్టేస్తే, లేని మనిషి పుట్టుకొస్తాడు. విరిగిన ముక్కులు, పోయిన చేతులు కాగితం మీద బాగైపోవడం కూడా అంతే మామూలు. అందుకే తర్వాతి అడుగు.

ఆరో అడుగు: రాతితో పోల్చండి

ముందు శాసనం. ‘డి ఎం’ అని మొదలైతే, ‘చనిపోయినవారి ఆత్మదేవతలకు’ అనే లాటిన్ మాటల మొదటి అక్షరాలు అవి. ‘హెచ్ ఎస్ ఇ’ అంటే ‘ఇక్కడ ఉన్నాడు’. ‘ఎస్ టి టి ఎల్’ అంటే ‘మట్టి నీకు తేలికగా ఉండుగాక’. పేరు పట్టుకుని లాటిన్ శాసనాల మహాసంకలనంలో (సి.ఐ.ఎల్.) వెతకండి. రోమ్ నగరానివి ఆరో సంపుటంలో ఉంటాయి. సంఖ్య పక్కన నక్షత్రం గుర్తుంటే అది కల్పిత శాసనమని తేల్చినట్టు. పదహారో శతాబ్దంలో పిర్రో లిగోరియో అనే పండితుడు లేని శాసనాలు చాలా సృష్టించాడు. అవి తరతరాల పుస్తకాల్లోకి పాకాయి.

తర్వాత రాయి. జర్మన్ పురావస్తు సంస్థ నడిపే అరాక్నె డేటాబేస్‌లో శవపేటికల ఫోటోలు ఉచితంగా చూడొచ్చు. పుస్తకాల కోసం హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం, పిరనేసి కోసం టోక్యో విశ్వవిద్యాలయం పెట్టిన పూర్తి సంకలనం ఇంటి నుంచే తెరుచుకుంటాయి. ముద్రను, ఫోటోను పక్కపక్కన పెట్టి ఎడమ నుంచి కుడికి ఒక్కో బొమ్మనూ లెక్కపెట్టండి. ఎన్ని తలలు, ఎన్ని చేతులు, ఎవరి చేతిలో ఏముంది అని రాసుకోండి. విసుగు పని అది. నిజం మాత్రం అక్కడే దొరుకుతుంది.

మోంటే డెల్ గ్రానో పేటికతోనే చేసి చూడండి. మూత మీది ఇద్దరూ అలెగ్జాండర్ సెవెరస్ చక్రవర్తి, ఆయన తల్లి జూలియా మామేయా అని పాత పుస్తకాలు రాసేశాయి. ఆ గుర్తింపును ఇప్పటి పండితులు ఒప్పుకోరు. పేటిక ఏథెన్సు శిల్పుల పని, మూడో శతాబ్దానిది. అందులో పడుకున్నవాళ్ల పేరు మనకు రాలేదు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నీలి గాజు పోర్ట్‌లాండ్ కుండను కూడా బార్తోలి ఈ సమాధికే ముడిపెట్టాడు. ఆ ముడికి గట్టి ఆధారం లేదు. బొమ్మ కింద అచ్చయిన పేరు ఆనాటి నమ్మకం మాత్రమే. బొమ్మలోని గీతలకూ, కింది పేరుకూ విడివిడిగా మార్కులు వేయండి.

ఏడో అడుగు: కొనడం, దాచడం

మొదటిసారి కొనేవాళ్లకు మోంఫొకోఁ పేజీయే మంచిది. ఎక్కువగా దొరుకుతుంది, ఒక్క కాగితంలో నేర్చుకోవలసింది చాలా ఉంటుంది. రంగులు వేసినవాటికి ఎక్కువ ధర పెట్టకండి. సమాధి ముద్రలు దాదాపు అన్నీ నలుపు తెలుపులోనే వచ్చాయి, రంగు తర్వాత బజారు కోసం పూసినదే. హామిల్టన్ మొదటి కుండల పుస్తకంలాంటివి మినహాయింపు. పూర్తిగా ఉన్న పాత పుస్తకాన్ని చింపి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి, ఇది నా మనవి.

మన వాతావరణంలో కాగితానికి మొదటి శత్రువు చెమ్మ. విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో వానాకాలం ఒక్కటి చాలు, గోధుమరంగు మచ్చలు వచ్చేస్తాయి. ఆమ్లం లేని అట్ట మధ్య పెట్టి, బీరువాలో బయటి గోడకు ఆనని అరలో పడుకోబెట్టండి, సిలికా పొట్లాలు మారుస్తూ ఉండండి. ఫ్రేమ్ కడితే అద్దం కాగితానికి తగలకూడదు, ఎండ పడకూడదు. సెల్లోటేపు, లామినేషన్, ఫెవికాల్ ఈ మూడూ దగ్గరికి రానివ్వొద్దు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడ కొన్న వంద ఏళ్లు దాటిన ముద్రను తీసుకెళ్లాలనుకుంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ముందే కనుక్కోవాలి.

ప్రతి కాగితానికీ ఒక కార్డు పెట్టండి. మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, కాగితం వెనుక కాదు, విడిగా. పుస్తకం, సంపుటం, ఏడాది. గీసినవాడు, చెక్కినవాడు. రాయి దొరికిన ఏడాది, ఇప్పుడు ఉన్న చోటు. కింద రెండు గడులు: ‘చూసి గీసినవి’, ‘తెలియక నింపినవి’. నా మోంఫొకోఁ పేజీ కార్డులో రెండో గడి మొదటి ఏడాది ఖాళీగా ఉండేది. ఫోటోతో పోల్చి లెక్కపెట్టిన సాయంత్రం అందులో మూడు వరుసలు చేరాయి: ఒక చెయ్యి, ఒక ముక్కు, ఒక పసివాడి ముఖం.